ఇంట్లో వీడియో పాఠాల గది: కెమెరా కంటే ముందు కుదుర్చుకోవలసినవి

దేవరకొండ నుంచి ఒక లెక్కల టీచర్ గారు అడిగిన ప్రశ్నను నాకు అర్థమైనంతలో క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. ఆమె ప్రైవేటు బడిలో ఉద్యోగం మానేసి, పదో తరగతి లెక్కలను ఇంటి నుంచే వీడియో పాఠాలుగా చెప్పాలనుకుంటున్నారు. మేడ మీద పదడుగులకు పదకొండడుగుల స్లాబు గది ఒకటి ఖాళీగా ఉంది. దాని కిటికీ పడమటి వైపు, రోడ్డు మీదికి. కింద, ఉత్తరం వైపు పెరట్లోకి కిటికీ ఉన్న చిన్న గదిలో బియ్యం బస్తాలు, బట్టల బీరువా ఉన్నాయి. చేతిలో 30 వేల రూపాయలున్నాయి. ఇప్పటికే ఫోనుతో తీసిన నాలుగు పాఠాల్లో గొంతు బావిలోంచి వస్తున్నట్టు ఉందనీ, ఎడిటింగ్‌కు రెండు గంటలు కూర్చుంటే మెడ పట్టేస్తోందనీ రాశారు. ఏ కెమెరా కొనాలి, ఏ గది తీసుకోవాలి అన్నది ప్రశ్న.

సమాధానం ముందే చెప్పేస్తాను. కెమెరా కొనకండి, మీ ఫోను చాలు. మేడ మీది గది వద్దు, కింది గదిలోనే పెట్టుకోండి. ఉన్న డబ్బును ముందు కుర్చీకి, ఆ తర్వాత మైకుకు, ఆ పైన వెలుతురుకు, మిగతా వాటికి ఖర్చు పెట్టండి. నేను నల్లగొండలో ఇరవై ఏళ్ళకు పైగా పెళ్ళి వీడియోలు తీసి, వాటిని ఇంట్లోనే ఎడిటింగ్ చేసినవాణ్ణి. కొన్నేళ్ళుగా పాఠాలు చెప్పేవారికీ, కుట్టుపని, మగ్గం వర్క్ నేర్పే ఆడవాళ్ళకూ ఇళ్ళలో రికార్డింగ్ గదులు సర్దిపెడుతున్నాను. ఇప్పటిదాకా పని మధ్యలో మానేసినవాళ్ళలో కెమెరా బాగాలేక మానేసినవారు నాకు ఒక్కరూ కనబడలేదు. ఉక్కకు తాళలేక, నడుం నొప్పికి ఓర్చుకోలేక, ప్రతిసారీ సామానంతా దించి మళ్ళీ ఎత్తిపెట్టే విసుగుకు మానేసినవారే ఎక్కువ. గది ముందు మీ ఒంటికి కుదరాలి, తర్వాత చెవికి కుదరాలి, కంటి సంగతి ఆ తర్వాత.

మేడ మీది గది ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. మన వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. కాంక్రీటు స్లాబు పగలంతా ఎండను పీల్చుకొని, పొద్దు గూకాక ఆ వేడిని గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. రాత్రి పదకొండైనా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. దానికి తోడు మీ కిటికీ పడమటిది. మీ ఒళ్ళు ఎలాగోలా ఓర్చుకున్నా ఫోను ఓర్చుకోదు. ఐఫోన్ తయారు చేసే సంస్థ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల వేడిలో మాత్రమే వాడమని చెబుతుంది. మిగతా కంపెనీల ఫోన్ల పరిస్థితి కూడా ఇంతకంటే పెద్ద తేడాగా ఉండదు. మిర్యాలగూడలో ఒకావిడ బ్లౌజు కటింగ్ పాఠాలకు మేడ మీది గదినే పట్టుబట్టి సర్దించుకున్నారు. ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి పన్నెండు, పదిహేను నిమిషాలకే ఫోను తెర మసకబారి, వేడెక్కిందన్న హెచ్చరిక వచ్చి, రికార్డింగ్ దానంతటదే ఆగిపోయేది. గుడ్డ కత్తిరించాక మళ్ళీ మొదటి నుంచి తీయడం కుదరదు కదా. జూన్‌లో మళ్ళీ నన్ను పిలిపించి అంతా కిందికి దింపించారు.

ఒకవేళ ఇంట్లో వాళ్ళు కింది గది ఇవ్వడానికి ఒప్పుకోక, మేడ మీది గదే దిక్కైతే, స్లాబు పైన తెల్ల సున్నం గానీ ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు గానీ వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇటువంటి తెల్ల కప్పులను ప్రోత్సహించడానికే. రికార్డింగ్ తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది లోపల ముగించుకోండి. ఏ గదిలోనైనా సరే, రికార్డింగ్ చేసేటప్పుడు ఫోను కవరు తీసేయండి, తెర వెలుగు తగ్గించండి, ఛార్జింగ్‌లో పెట్టి తీయకండి. ఛార్జింగ్ ఎక్కే బ్యాటరీ, పనిచేసే కెమెరా రెండూ కలిసి ఫోనును మరింత కాలుస్తాయి.

కూలర్ గురించి అడుగుతారని తెలుసు. మన పొడి ఎండకు కూలర్ బాగా పనిచేస్తుంది, కానీ దాని మోత మైకులో వర్షం పడుతున్నట్టు వినబడుతుంది. పాఠం మొదలుపెట్టే ముందు అరగంట కూలర్ నడిపించి, గది చల్లబడ్డాక ఆపేసి, ఇరవై నిమిషాల ముక్కలుగా రికార్డింగ్ చేసుకోవడమే నేను అందరికీ చెప్పే పద్ధతి. సీలింగ్ ఫ్యాను కూడా అంతే. గాలి మైకు మీద నేరుగా పడకపోతే తక్కువ వేగంలో నడిపించవచ్చు గానీ, లైటు ఫ్యానుకు పైన ఉంటే రెక్కల నీడ కాగితం మీద టపటపలాడుతుంది. ఫ్యాను తిరుగుతున్నప్పుడు వెలిగే లైట్లు ఫ్యాను కంటే కిందనే ఉండాలి.

ఇక గొంతు సంగతి. ఇది కొంచెం విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే మీ నాలుగు పాఠాలు పాడైంది ఇక్కడే. మన ఇళ్ళలో గచ్చు లేదా తాండూరు బండలు, సిమెంటు గోడలు, పైన స్లాబు. ఆరు వైపులా గట్టి తలాలే. మీరు పలికిన మాట మైకుకు ఒకసారి నేరుగా చేరుతుంది, గోడకు తగిలి మళ్ళీ చేరుతుంది, కప్పుకు తగిలి మరోసారి చేరుతుంది. ధ్వని సెకనుకు రమారమి 1,130 అడుగులు పోతుంది కాబట్టి, పదడుగుల గదిలో అవతలి గోడకు పోయి రావడానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. అంత దగ్గరగా వచ్చే ప్రతిధ్వనిని చెవి వేరే శబ్దంగా పోల్చుకోలేదు, అసలు మాటతో కలిపేసుకుంటుంది. బావిలోంచి మాట్లాడినట్టు ఉండడం అంటే ఇదే. పొడవు, వెడల్పు, ఎత్తు దాదాపు సమానంగా ఉన్న గదిలో ఇది మరీ ఎక్కువ, మీ మేడ మీది గది సరిగ్గా అలాంటిదే.

దీనికి మందు మెత్తదనం. మీ కింది గదిలోని బియ్యం బస్తాలను, బట్టల బీరువాను బయటికి పంపకండి. ఆశ్చర్యపోకండి, నిండు బస్తాలు, వేలాడే బట్టలు శబ్దాన్ని మింగే పనిని మీరు డబ్బు పెట్టి కొనే పల్చని నురుగు పలకల కంటే బాగా చేస్తాయి. రికార్డింగ్ చేసేటప్పుడు బీరువా తలుపులు రెండూ తెరిచి ఉంచండి. ముఖానికి ఎదురుగా ఉన్న గోడకూ, వీపు వెనుక గోడకూ పాత చీరలతో కుట్టిన బొంతలు వేలాడదీయండి. గోడకు అంటించకుండా ఒక తాడు మీద నాలుగు వేళ్ళ ఎడం ఉండేలా వేయడం మంచిది, ఆ ఎడంలోని గాలి వల్ల బొంత మరింత లావు శబ్దాలను కూడా అణచగలుగుతుంది. కింద పాత జంపఖానా పరవండి. తర్వాత గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టి వినండి. చప్పట్ల వెనుక రేకు మోగినట్టు చిన్న గుయ్ మన్న శబ్దం మిగిలితే ఇంకా ఒక గోడ ఖాళీగా ఉందన్నమాట. బస్తాలు ఉంచితే ఎలుకలు వస్తాయన్న భయం సరైనదే, అవి వైర్లను కొరుకుతాయి. వైర్లన్నీ గోడ మీద మోకాలి ఎత్తున పోనివ్వండి, బస్తాల వెనుక నుంచి లాగకండి.

కోడిగుడ్ల అట్టలు గోడలకు అంటించమని చెప్పేవారు మీకు తప్పక తారసపడతారు. నేనూ ఒకప్పుడు నమ్మి, హోటళ్ళ చుట్టూ తిరిగి రెండు వందల అట్టలు పోగు చేసి ఎడిటింగ్ గదికి అంటించాను. శబ్దంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు, బొద్దింకలు మాత్రం వచ్చాయి. అంత పల్చని అట్ట సన్నని శబ్దాలను కొద్దిగా ఆపుతుందేమో గానీ మనిషి గొంతులోని బరువును ఆపలేదు. థర్మోకోల్ కూడా అంతే. దాన్ని వెలుతురు కోసం వాడుకుందాం.

గది ఎంత సర్దినా మైకు దూరంగా ఉంటే ప్రయోజనం లేదు. నోటికీ మైకుకూ మధ్య దూరం సగానికి తగ్గిస్తే నేరుగా చేరే గొంతు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) పెరుగుతుంది, గది ప్రతిధ్వని మాత్రం ఉన్నంతే ఉంటుంది. అందుకే నాలుగడుగుల దూరంలోని ఫోను మైకు కంటే జానెడు దూరంలోని వెయ్యి రూపాయల మైకు నయం. మీకు వైరు ఉన్న కాలరు మైకు సరిపోతుంది. కొనేటప్పుడు ప్లగ్గు చూడండి: దాని మీద మూడు నల్ల గీతలు ఉంటే అది ఫోనుకు పనికివచ్చేది, రెండే ఉంటే కెమెరాకు చేసినది. మీ ఫోనుకు గుండ్రటి రంధ్రం లేకపోతే టైప్-సి మార్పిడి ముక్క కావాలి. ఆ ముక్కల్లో కొన్ని రకాలు పాటలు వినడానికే పనికివస్తాయి, మైకును లోపలికి రానివ్వవు. కాబట్టి దుకాణంలోనే ఫోనుకు తగిలించి, పది మాటలు రికార్డు చేసి విని తీసుకోండి.

ఆడవారికి మగవాళ్ళెవరూ చెప్పని విషయం ఒకటి ఉంది, నాకు ఒక మగ్గం వర్క్ టీచర్ చెబితేనే తెలిసింది. గంజి పెట్టిన నూలు చీర, పట్టు చీర కదిలినప్పుడల్లా మైకులో గరగరమంటాయి. పుస్తెలతాడు, గొలుసు మైకుకు రాసుకుంటే కిరకిర వస్తుంది. ఉతికి మెత్తబడిన నూలు చీర కట్టుకొని, మైకును పైట మడత మీద, గొలుసుకు బెత్తెడు ఎడంగా పెట్టుకోవాలి. రాసేటప్పుడు గాజులు బల్లకు తగలకుండా కాగితం కింద మందపాటి గుడ్డ పరుచుకుంటే సరిపోతుంది.

రికార్డింగ్‌లో సన్నగా జీ మని ఒకే రీతిలో ఒక శబ్దం వస్తే అది గది తప్పు కాదు, కరెంటు తప్పు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 సార్లు అటు పోయి ఇటు వచ్చేది. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో, మైకును లాప్‌టాప్‌కు తగిలించి తీస్తే, ఆ కంపనం లాప్‌టాప్ ఛార్జరు గుండా మైకు వైరులోకి ఎక్కుతుంది. లాప్‌టాప్ ఇనుప అంచును వేళ్ళతో నిమిరితే సన్నగా జివ్వుమంటే అనుమానం బలపడుతుంది. తాత్కాలికంగా ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద రికార్డింగ్ చేసుకోవచ్చు. కానీ పాత ఇళ్ళలో మూడు పిన్నుల బోర్డు ఉన్నా మూడో రంధ్రం వెనుక వైరే ఉండదు. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు పోసి ఎర్తింగ్ కొత్తగా వేయించడం వీడియో కోసమే కాక పిల్లలు తిరిగే ఇంటికి కూడా అవసరం. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే శబ్దం వస్తే అది చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (కరెంటును నునుపైన అలలా కాక మెట్లు మెట్లుగా ఇచ్చేది) అయి ఉంటుంది. కరెంటు పోయినప్పుడు రికార్డింగ్ ఆపి, ఎడిటింగ్ చేసుకోండి.

ఇప్పుడు మీ మెడ గురించి. మీరు దీన్ని చివరి వాక్యంలో రాశారు, నేనైతే మొదట రాసేవాణ్ణి. పెళ్ళిళ్ళ సీజనులో నేను చాప మీద కూర్చొని, ముక్కాలిపీట మీద కంప్యూటర్ పెట్టుకొని రాత్రంతా ఎడిటింగ్ చేసేవాణ్ణి. కుర్చీకి పెట్టే డబ్బుతో ఇంకో లెన్సు వస్తుందని లెక్క వేసుకునేవాణ్ణి. ఆ లెన్సులన్నీ ఎప్పుడో అమ్మేశాను, మెడ నొప్పి మాత్రం ఇంకా నాతోనే ఉంది.

బజారులో దొరికే బల్లలు సాధారణంగా 29, 30 అంగుళాల ఎత్తు ఉంటాయి. ఐదడుగుల ఒకటి రెండు అంగుళాల ఎత్తున్న మనిషికి అది ఎక్కువే. భుజాలు ఎత్తిపట్టి టైపు చేయవలసి వస్తుంది, మెడ నరాలు పట్టేసేది దానివల్లే. బల్ల కాళ్ళు కోయించనవసరం లేదు. ఎత్తు పెంచుకోగలిగే కుర్చీ తీసుకొని, మోచేతులు బల్ల ఎత్తుకు వచ్చేదాకా కుర్చీని లేపండి, అప్పుడు గాలిలో తేలే పాదాల కింద వంటింటి పీట ఒకటి వేసుకోండి. మూసేసిన ఆఫీసుల నుంచి వచ్చిన పాత కుర్చీలు హైదరాబాద్‌లో ఐదారు వేలకు దొరుకుతాయి; ఆ ధరకు వచ్చే కొత్త కుర్చీ కంటే అవి గట్టివి. నడుం ఒంపు దగ్గర ఆసరా ఉందా, ఎత్తు మార్చే మీట పనిచేస్తోందా అన్న రెండూ చూసి తీసుకోండి. మెరుపు, తోలు చూడకండి.

లాప్‌టాప్‌లో తెర, కీబోర్డు అతుక్కొని ఉండడమే అసలు చిక్కు. చేతులకు కుదిరితే కంటికి కిందికి పోతుంది, కంటికి కుదిరితే చేతులకు పైకి పోతుంది. నాలుగు లావు పుస్తకాల మీద లాప్‌టాప్ ఎత్తి, తెర పై అంచు కంటి ఎత్తుకు వచ్చేలా, చేయి చాచినంత దూరంలో పెట్టి, వేరే కీబోర్డు, మౌసు తగిలించుకోండి. వెయ్యి, పన్నెండు వందలతో అయ్యే ఈ ఒక్క మార్పుతో మీ మెడ నొప్పిలో సగం తగ్గుతుందని నా అనుభవం. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై సెకన్లు, ఇరవై అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా చూడమని కంటి డాక్టర్లు చెబుతారు; మీ పెరటి కిటికీ అందుకు పనికివస్తుంది.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. దేవరకొండ, మర్రిగూడ, మునుగోడు వైపు చిన్నప్పుడు బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళలో ఫ్లోరైడ్ వల్ల మెడ, వెన్ను బిగుసుకుపోవడం మనకు తెలిసిందే. కూర్చోకపోయినా, పొద్దున లేవగానే మెడ తిరగకపోవడం ఉంటే కుర్చీ మార్చి ఊరుకోకండి, డాక్టరుకు చూపించుకోండి.

లెక్కల పాఠం కాబట్టి ముఖం కంటే కాగితం ముఖ్యం. బల్ల మీద రాస్తూ పై నుంచి ఫోనుతో తీయడమే మీకు అనువైన పద్ధతి. ఇందులో అందరూ చేసే పొరపాటు ఫోను పట్టే ఇనుప చేయిని అదే బల్లకు బిగించడం. రాసేటప్పుడు బల్ల ఊగుతుంది, దానితో చేయి ఊగుతుంది, వీడియో అంతా నీళ్ళలో తీసినట్టు ఉంటుంది. ఆ చేయిని గోడకు గానీ, మీ గదిలో సజ్జ ఉంటే దానికి గానీ బిగించండి. ఒకసారి బిగించాక దాన్ని కదపకండి. బల్ల కాళ్ళు ఉండవలసిన చోట గచ్చు మీద పెయింటుతో గుర్తులు పెట్టుకోండి. ఫోనును స్టాండులో పెట్టి, మీట నొక్కితే పాఠం మొదలుకావాలి. సర్దడానికి పదిహేను నిమిషాలు పట్టే గదిలో నెల తిరిగేసరికి ఎవరూ కూర్చోరు.

వంగి రాయడం వల్ల కూడా మెడ పడుతుంది. పాత రోజుల్లో కరణాలు, గుమాస్తాలు లెక్కలు రాసుకున్న వాలు బల్ల గుర్తుందా? అలాంటి వాలు పలకను వడ్రంగి దగ్గర చేయించుకొని బల్ల మీద పెట్టుకోండి, వెనుక అంచు నాలుగైదు అంగుళాలు లేస్తే చాలు. ఫోనును కూడా అంతే వాలుగా తిప్పాలి, లేకపోతే చతురస్రం గీస్తే వీడియోలో ఒకవైపు వెడల్పుగా, ఒకవైపు సన్నగా కనబడుతుంది. వనపర్తిలో ఫిజిక్స్ చెప్పే ఒక సారుకు ఇలా చేసిపెట్టాను. రోజుకు మూడు పాఠాలు తీయగలుగుతున్నానని చెప్పారు, అంతకు ముందు ఒకటే తీసేవారు.

తెల్ల కాగితాన్ని ఫోను ఎప్పుడూ బూడిదరంగుగా చూపిస్తుంది, చేయి అడ్డం వచ్చిన ప్రతిసారీ వెలుగు హెచ్చుతగ్గులు చేస్తుంది. తెర మీద కాగితం దగ్గర వేలితో కాసేపు నొక్కి పట్టి, వెలుగును, ఫోకస్‌ను అక్కడికక్కడే బిగించేసి, వెలుగు కొద్దిగా పెంచుకోండి.

వెలుతురు విషయంలో మీ ఉత్తరపు కిటికీ వరం. మీరు కుడిచేత్తో రాస్తారనుకుంటే, కిటికీ మీ ఎడమ వైపు, కొంచెం ముందుగా ఉండేలా బల్ల వేయండి. చేతి నీడ అక్షరాల మీద పడకుండా కుడి వైపుకు పోతుంది. ఉత్తరపు కిటికీలోంచి ఎండ నేరుగా రాదని విదేశీయులు చెప్పే మాట మనకు పూర్తిగా వర్తించదు. మనం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం, కర్కట రేఖ 23.5 డిగ్రీల దగ్గర ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగానే పోతాడు, ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరపు కిటికీలోకి తొంగిచూస్తుంది. ఆ రోజుల్లో కిటికీకి ఒక తెల్ల పంచె కట్టండి, ఎండ మెత్తని వెలుగుగా మారుతుంది. కుడి వైపు ఒక థర్మోకోల్ పలక నిలబెడితే నీడలు పలచబడతాయి.

రాత్రి పూట 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు రెండు, ఇరు పక్కల నుంచి ఏటవాలుగా పెట్టండి. రెండూ ఒకే రంగువి కావాలి: డబ్బా మీద 6500 కె అని ఉంటే తెల్లనిది, 2700 కె అని ఉంటే పసుపుపచ్చనిది, రెండూ కలిపితే కాగితం ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగా కనబడుతుంది. మళ్ళీ విదేశీ సలహా దగ్గరే ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి అక్కడివారు షట్టరు వేగం (ఒక్కో బొమ్మకు కెమెరా వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 60వ వంతు పెట్టమంటారు. మన దగ్గర 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి; అదే వేగం ఇక్కడ పెడితే వీడియోలో నల్లని పట్టీలు మెల్లగా పైకి పాకుతాయి. షట్టరు 50వ వంతు లేదా 100వ వంతు పెట్టండి, పట్టీలు పోతాయి.

వెనుక తెర గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పాఠం మొదట్లో ముఖం కనబడే ఒక నిమిషం కోసం ఏ రంగు గుడ్డైనా సరిపోతుంది. నారాయణపేట చీరల సన్న గళ్ళు మాత్రం వద్దు. ఆ గళ్ళు కెమెరాలోని చుక్కల వరుసలతో కలిసి గుడ్డ మీద లేని అలలు పుట్టిస్తాయి. పోచంపల్లి ఇక్కత్ పెద్ద డిజైన్లలో అంచులు అల్లుకుపోయి మెత్తగా ఉంటాయి కాబట్టి ఆ చిక్కు చాలావరకు రాదు.

ఫోనులో 4కె పెట్టకండి, 1080 చాలు. సాధారణ పద్ధతిలో అది నిమిషానికి రమారమి 130 ఎంబీ తింటుంది, అంటే నలభై నిమిషాల పాఠానికి ఐదు జీబీలకు పైన. ఎడిటింగ్ అయ్యాక ఒక జీబీ ఫైలును 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగంతో పంపడానికి పద్నాలుగు నిమిషాల దాకా పడుతుంది. అసలు ఫైళ్ళు ఒక హార్డ్ డిస్క్‌లో, తయారైన పాఠాలు ఇంకోచోట ఉంచుకోండి. ఒకే డిస్క్‌ను నమ్ముకొని ఒక పెళ్ళి ఆల్బమ్ మొత్తం పోగొట్టి, ఆ తల్లిదండ్రుల ముందు తలవంచుకొని నిలబడినవాణ్ణి నేను.

సమయం కూడా గదిలో భాగమే. మన ఊళ్ళలో పొద్దున్నే గుడి మైకు, మసీదు మైకు, ఆ తర్వాత చెత్త ఆటో పాట, కూరగాయల బండి, పదకొండింటికి పక్కింటి కుక్కర్ కూతలు. ఒక రోజంతా గదిలో కూర్చొని ఏ గంటకు ఏ శబ్దం వస్తుందో కాగితం మీద రాసుకోండి. నిశ్శబ్దంగా ఉండే రెండు గంటలు ఎవరికైనా దొరుకుతాయి. ఎక్కువ మందికి అది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా రికార్డింగ్ పెట్టుకోకండి, దానికి ముందే పది పాఠాలు తీసి నిల్వ ఉంచుకోండి. తలుపు బయట ఒక ఎర్ర గుడ్డ వేలాడుతుంటే లోపలికి రాకూడదని ఇంట్లో వాళ్ళకు అలవాటు చేయండి. తలుపు కింది సందుకు పాత సైకిల్ ట్యూబు ముక్క కొట్టించండి, బయటి మాటలు సగం ఆగిపోతాయి.

డబ్బు లెక్క, నేను ఈ మధ్య సర్దిన గదుల ధరలను బట్టి ఇలా వస్తుంది: పాత ఆఫీసు కుర్చీ 6 వేలు, వాలు పలక, ఫోను చేయి, బిగింపు కలిపి 3 వేలు, మైకు, మార్పిడి ముక్క కలిపి 2 వేలు, కీబోర్డు, మౌసు 1,200, ట్యూబులు, వైర్లు 1,500, హార్డ్ డిస్క్ 5 వేలు, తాళ్ళు, కొక్కేలు, థర్మోకోల్ 500. బల్ల ఇంట్లో ఉన్నదే వాడుకోండి. మొత్తం ఇరవై వేలు దాటదు. మిగిలిన పదివేలలోంచి ఎర్తింగ్ వేయించండి, ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజే కింది గది స్విచ్చు బోర్డు కూడా విప్పించి చూపించండి. కుర్చీ, మైకు ముందు తెచ్చుకొని పది పాఠాలు తీశాక, ట్యూబులు, డిస్క్ తర్వాతి నెలలో కొనుక్కున్నా ఏమీ మించిపోదు.